కొత్త కూరగాయల మడి, పాత తుంగ

ఈ మధ్య ఒక చిన్న వీడియో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. మోకాలెత్తు గడ్డి పెరిగిన స్థలం, దాని మీదుగా పవర్ వీడర్ అనే చిన్న దున్నే యంత్రం అటూ ఇటూ నాలుగు చాళ్లు తిరుగుతుంది, నిమిషం గడవకముందే మెత్తటి నల్లమట్టి బయటపడుతుంది. చివర్లో ఒకాయన ఆ మట్టిని గుప్పిట్లోకి తీసుకుని వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తాడు. చూడ్డానికి ఎంత బాగుందంటే, కలుపుతో కాస్తో కూస్తో వేగిన నాక్కూడా రెండోసారి చూడాలనిపించింది. ఆ తీసినవాళ్లే మూడు వారాలాగి, అదే చోట నిలబడి ఇంకో వీడియో తీసుంటే బాగుండేది. అది మాత్రం ఎవరూ పెట్టరు.

నాకు మాట్లాడాలని ఉన్నది ఆ మూడు వారాల గురించే. కొత్తగా కూరగాయలు పెట్టాలనుకున్న స్థలంలో మొండి కలుపుని వదిలించడం బలంతో అయ్యే పని అనుకుంటారు చాలామంది, ఎంత లోతుగా తవ్వితే, ఎంత పెద్ద యంత్రం తెస్తే అంత శుభ్రం అని. నాకలా అనిపించదు. మొదటిరోజు ఏం చేశామన్నదానికన్నా, ఆ తర్వాత ఎన్నాళ్లకోసారి మళ్లీ అక్కడ వంగగలం అన్నదే తేలుస్తుంది. అంచేత మొదటి ఏడాది మడి ఎంత పెట్టాలన్నది కూడా ఖాళీ స్థలం ఎంతుందో చూసి నిర్ణయించుకోకూడదు, మనకి ఎంత తీరిక ఉందో చూసుకోవాలి. దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. వాటిలో ఒకదాన్ని నేను కొట్టిపారేయలేను కూడా, దాని దగ్గరికి వస్తాను.

ముందు ఎవరెవరున్నారో చూడాలి

పార పట్టుకునేముందు ఒక సాయంత్రం ఆ స్థలంలో ఊరికే తిరగాలి, ఒక చిన్న గునపంతో అక్కడక్కడా గుచ్చి చూస్తూ. వయ్యారిభామ, పాయలి, ముళ్ల తోటకూర లాంటివి కనిపిస్తే పెద్దగా కంగారు పడక్కర్లేదు. ఇవి విత్తనంతో బతికేవి, పూత రాకముందు పీకేస్తే ఆ మొక్క కథ అక్కడితో సరి. వయ్యారిభామని మాత్రం ఉత్త చేతుల్తో ముట్టుకోకండి, పడనివాళ్లకి ఒళ్లంతా దద్దుర్లొస్తాయి, పూత మీదుంటే పుప్పొడికి తుమ్ములూ ఆయాసమూ కూడా. వాన వెలిసాక మట్టి మెత్తగా ఉన్నప్పుడు గ్లవుజులు వేసుకుని లాగితే వేరుతో సహా వచ్చేస్తుంది. పాయలిది ఇంకో తంటా, పీకి అక్కడే పడేస్తే తడి మట్టిలో కాడ ముక్కలకే వేళ్లొచ్చి మళ్లీ లేస్తుంది. పీకినదాన్ని బయటికి మోసుకెళ్లాల్సిందే.

అసలు తలనొప్పి నేలలో సరుకు దాచుకున్న రకాలతోనే. తుంగ, గరిక, దర్భ, కొట్టేసినా మొదలు నుంచి చిగురించే తుమ్మ లాంటి చెట్లు. ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపు మొక్కలేవో లెక్కగట్టి 1977లో ఒక జాబితా వేశారు, అందులో తుంగది మొదటి స్థానం, గరికది రెండోది. అంటే రెండూ కలిసున్న స్థలం మీకు దొరికిందనుకోండి, మీ అదృష్టం అలా ఉంది.

తుంగ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ వీడియోలో పని చెడేది సరిగ్గా ఇక్కడే. పైన కనిపించే ఆకుకి కింద గడ్డ ఉంటుంది, ఆ గడ్డ నుంచి సన్నటి తీగలాంటి కాండం భూమిలోనే పాకి ఇంకో గడ్డ వేస్తుంది, దాని నుంచి మరోటి. ఎక్కువ గడ్డలు పైనున్న జానెడు మట్టిలోనే ఉంటాయి, కొన్ని ఇంకా కిందకి పోతాయి. ఈ వరుసలో అన్నీ ఒకేసారి మొలవవు. కొసనున్న గడ్డ మొలుస్తూ ఉన్నంతకాలం వెనకవాటిలో చాలా భాగం నిద్రలోనే ఉంటాయి. ఆ వరుసని ముక్కలు చేశామా, ఒక్కో గడ్డా విడిగా మేలుకుంటుంది. ఒక్కో గడ్డకి ఒకటికి మించి మొగ్గలుంటాయి కాబట్టి మొదటి మొలక తుంచేసినా ఇంకోటి సిద్ధంగానే ఉంటుంది. పవర్ వీడర్ బ్లేడు చేసే పని ఏంటంటే, ఈ వరుసల్ని తెంపి, గడ్డల్ని స్థలమంతా సమానంగా చల్లి, పైన మెత్తటి మట్టి కప్పి, నారు పోసినట్టు పోయడం. గరిక విషయంలోనూ అంతే, కణుపున్న ప్రతి ముక్కా ఒక మొక్కే.

నా స్నేహితుడొకడు సరిగ్గా ఇదే పని చేయించాడు. రెండు మంచి వానలు పడ్డాయి, నేల పదునులో ఉంది, యంత్రం వచ్చింది, మధ్యాహ్నానికల్లా స్థలం అద్దంలా తయారైంది. "అనవసరంగా భయపెట్టావురా, చూడు ఎలా ఉందో" అని ఫోటో పంపాడు. నేనేమీ వాదించలేదు, ఫోటో చూస్తే వాదించడానికేం లేదు మరి. వంగ నారు, టమాటా నారు తెచ్చి నాటాడు. నారు వేరూనుకుని నిలదొక్కుకునేసరికి తుంగ అంతకన్నా ముందే ఆకు విప్పింది, మునుపు ఒక మూల గుంపుగా ఉన్నది ఇప్పుడు ప్రతి చాల్లోనూ. పీకుదామంటే ఆకు తెగి చేతికొస్తోంది, గడ్డ కిందే ఉండిపోతోంది. గట్టిగా తవ్వుదామంటే వంగ మొక్క వేరు కదులుతోంది. మడిలో పంట ఉంది కాబట్టి ఇక ఏ పెద్ద పనీ చెయ్యడానికి లేదు. పంట పెట్టేశాక మన చేతులు కట్టేసినట్టే, ఈ ముక్క ఎవరూ ముందు చెప్పరు.

వేసవి దుక్కుల మాటేంటి?

నేను కొట్టిపారేయలేనన్న ఎదురు వాదన ఇది. "దున్నొద్దంటావేంటి, తరతరాలుగా వేసవి దుక్కులు దున్ని కలుపు చంపుకున్నవాళ్లంతా తెలివితక్కువవాళ్లా?" అని ఎవరైనా అడిగితే, కాదు, వాళ్లదే సరైన పద్ధతి. కానీ వాళ్లు చేసేదీ ఆ వీడియోలోదీ ఒకే పని కాదు. ఎండాకాలం దుక్కిలో నేల పెళ్లలు పెళ్లలుగా తిరగబడుతుంది, గడ్డలూ వేళ్లూ పైకొచ్చి మండుటెండలో పడుంటాయి. తుంగ గడ్డకి ఉన్న పెద్ద బలహీనత ఎండిపోవడం. దానిలోని తడి బాగా పోతే మళ్లీ మొలవదు. గరిక కాండమూ అంతే. కొన్నాళ్లాగి మళ్లీ అడ్డంగా దున్నితే అడుగునున్నవి పైకొస్తాయి, అవీ ఎండుతాయి. ఇదంతా నీరు పెట్టకుండా, వాన లేని రోజుల్లో జరగాలి. అదే పని తడి నేలలో చేస్తే గడ్డలకి పండగ.

కాబట్టి దున్నడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి విడిగా జవాబుండదు. ఎప్పుడు దున్నుతున్నాం, మళ్లీ ఎప్పుడొస్తున్నాం అన్నది తెలిస్తేనే చెప్పగలం. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి మనుషులూ బళ్లూ తిరిగి బిగుసుకుపోయిన నేలైతే అసలు తవ్వకుండా కూరగాయలు రావు. అలాంటి చోట నేను తవ్వడానికే ఓటేస్తాను, కానీ యంత్రంతో కాకుండా గోళ్లలాంటి పొడవాటి పళ్లున్న ఫోర్కుతో. పార గడ్డల్ని నరుకుతుంది, ఫోర్కు వాటిని మట్టిలోంచి ఎత్తుతుంది, వేలితో తీసి బకెట్లో వేసుకోవచ్చు. నెమ్మదైన పనే. అందుకే చిన్న మడి చాలంటున్నాను.

ఏరిన గడ్డలూ గరికా ఎక్కడ వెయ్యాలన్నది చాలామంది పట్టించుకోరు. తిన్నగా కంపోస్టు గుంటలోకి పోతాయి. లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి కొన్నాళ్లు నిలిచే పెద్ద కుప్ప అయితే విత్తనాలూ వేళ్లూ చస్తాయి. ఇంట్లో వేసుకునే చిన్న కుప్పల్లో అంత వేడి రావడం అరుదు, వచ్చినా అంచుల్లో రాదు. మరుసటి సీజన్‌లో ఆ ఎరువుతో పాటు తుంగని మళ్లీ మనమే మడిలోకి మోసుకొస్తాం. బండ మీదో రేకు మీదో పల్చగా పరిచి గలగలలాడేదాకా ఎండబెట్టాకే కుప్పలో వెయ్యాలి. ఎండ లేని రోజులైతే మూతున్న డ్రమ్ములో నీళ్లల్లో ముంచి కుళ్లబెట్టడం ఒక దారి. కంపు కొడుతుంది, ముందే చెబుతున్నా.

విత్తనాల బ్యాంకు

గడ్డలూ వేళ్లూ అన్నీ ఏరేశామనుకుందాం. పైన నాలుగు వేళ్ల లోతు మట్టిలోనే వేల విత్తనాలుంటాయి, ఏళ్ల తరబడి ఓపిగ్గా. అమెరికాలో మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో కలుపు విత్తనాలని ఇసుకతో కలిపి 20 సీసాల్లో నింపి పాతిపెట్టాడు, ఎంతకాలం బతికుంటాయో చూద్దామని. ఆయన పోయాక కూడా ఆ పని చేతులు మారుతూ కొనసాగుతోంది. 2021లో ఒక సీసా తీస్తే, 142 ఏళ్ల తర్వాత కూడా అందులో ఒక రకం విత్తనాలు కొన్ని మొలిచాయి. అన్నీ అంత మొండివి కావు, చాలావరకు కొన్నేళ్లకే చచ్చిపోతాయి. కానీ ఒక్కసారి తవ్వి శుభ్రం చేసేశాం, ఇక అయిపోయింది అనుకునేవాళ్లకి ఆ సీసా చూపించాలి.

ఈ చిన్న విత్తనాల్లో చాలావాటికి మొలవడానికి వెలుతురు సైగ కావాలి. తిరగేసిన ప్రతిసారీ మట్టి అడుగున చీకట్లో ఉన్నవి క్షణకాలం వెలుతురు చూస్తాయి, అది చాలు. అందుకని విత్తనాల విషయంలో నాకు నచ్చిన పద్ధతి చిన్న మోసం. మడి తయారుచేసి, పంట పెడుతున్నట్టే నీళ్లు పెట్టి, ఏమీ నాటకుండా ఊరుకోవడం. కలుపు సంబరంగా మొలుస్తుంది. రెండాకుల మీదున్నప్పుడే మట్టి పైపైన, అంగుళం కూడా దిగకుండా గీకేయాలి. మళ్లీ నీళ్లు, మళ్లీ మొలకలు, మళ్లీ గీకుడు. పై పొరలో ఉన్న బ్యాంకు ఇలా ఖాళీ అవుతుంది. లోతుగా తవ్వారా, కింద నుంచి కొత్త డిపాజిట్లు పైకొస్తాయి, చేసిందంతా దండగ.

ఖాళీ మడికి నీళ్లు పెడుతుంటే చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

కప్పిపెట్టడం, మందు కొట్టడం

తవ్వడం ఇష్టం లేనివాళ్లు చెప్పే మాట: అట్టలు పరిచి, పైన జానెడు ఎండుటాకులో గడ్డీగాదమో వేసెయ్, అన్నీ చస్తాయి. సగం నిజం. విత్తనంతో వచ్చే కలుపుకి ఇది భేషుగ్గా పనిచేస్తుంది, టేపులూ స్టాపిల్ పిన్నులూ పీకేసి, అట్టల అంచులు బాగా ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిస్తే. గరికకీ నీడ గిట్టదు కాబట్టి కొంత పనిచేస్తుంది, కాకపోతే అది అట్ట కిందగా పాకుతూ ఎక్కడ సందు దొరికితే అక్కడ తలెత్తుతుంది. తుంగ మొలక మాత్రం సూది. నానిన అట్టని పొడుచుకుని వస్తుంది, నల్ల ప్లాస్టిక్ షీటునీ పొడుస్తుంది. చిత్రమేంటంటే రంగులేని పారదర్శకమైన షీటుని అంత తేలిగ్గా పొడవలేదు. షీటు కిందే వెలుతురు తగిలేసరికి పైకొచ్చేశాననుకుని ఆకు విప్పేస్తుంది, సూది మొన పోతుంది, ఇక షీటు కింద ఇరుక్కుపోతుంది.

ఆ పారదర్శకమైన షీటుతోనే ఎండని వాడుకునే పద్ధతి ఉంది, సోలరైజేషన్ అంటారు. ఇజ్రాయెల్‌లో కటాన్ అనే మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1976లో దీన్ని ప్రచురించారు, మొదట మొక్కల తెగుళ్ల కోసం. నేలని బాగా తడిపి, పలచటి పారదర్శక పాలిథిన్ షీటు మట్టికి అంటుకునేలా పరిచి, అంచులు మట్టితో మూసి, బాగా ఎండలు కాసే నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. పై పొర 45 డిగ్రీలు దాటుతుంది, ఒక్కోచోట 50 కూడా. పైపై విత్తనాలూ మొలకలూ ఉడికిపోతాయి. లోతునున్న తుంగ గడ్డలకి అంత వేడి చేరదు, కాబట్టి తుంగ పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోవద్దు. గాలికి షీటు లేచిపోయినా, కుక్కలు చింపేసినా వారాల పని నీళ్లపాలు. అయినా మండే ఎండా, ఓపికా రెండూ ఉన్నవాళ్లకి నేను చెప్పే మొదటి పద్ధతి ఇదే.

ఇక కలుపు మందు. ఈ విషయంలో నా స్నేహితుడికీ నాకూ ఇంకా తెగలేదు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు ఆకు మీద పడి వేరుదాకా దిగుతుంది కాబట్టి తుంగకీ గరికకీ అదే సరైన విరుగుడని అతని వాదన. దిగే మాట నిజమే. మట్టిలో పడ్డది మట్టి రేణువులకి అతుక్కుపోయి పెద్దగా పనిచెయ్యదన్నదీ నిజమే. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషులకి బహుశా క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది, అమెరికా పర్యావరణ సంస్థేమో అలాంటి ముప్పుకి అవకాశం లేదంటోంది. ఇద్దరిలో ఎవరు ఒప్పు అని తీర్పు చెప్పే చదువు నాకు లేదు. నా అభ్యంతరం అంతకన్నా చిన్నది. మందు పచ్చగా ఉన్న ఆకుని మాత్రమే పట్టుకుంటుంది, ఆకు వెయ్యకుండా నిద్రపోతున్న గడ్డల జోలికి పోదు. కాబట్టి మళ్లీ మొలుస్తాయి, మళ్లీ కొట్టాలి. ఎలాగూ మళ్లీ మళ్లీ రావాల్సిందే అయినప్పుడు ఇంటి కూరగాయల మడిలోకి నేను చిన్న పార పట్టుకునే వస్తాను. ఎకరాల్లో చేసేవాళ్ల లెక్క వేరు, వాళ్లకి పాఠాలు చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఇంకో జాగ్రత్త: పక్కన ఎవరైనా 2,4-డి లాంటి కలుపు మందు కొడుతుంటే గాలివాటు చూసుకోండి, టమాటా దానికి మహా సున్నితం, ఆకులు మెలికలు తిరిగిపోతాయి.

చెట్ల మొదళ్ల గురించి రెండు మాటలు. కొట్టేసినా చిగురించే తుమ్మ జాతి చెట్లకి చిగుళ్లు వచ్చేది నేలకి కాస్త కిందున్న మొదలు భాగం నుంచే. పలుగుతో ఆ భాగం మొత్తం తీసేస్తే చాలు, కింద ఎంతో లోతుకి పోయిన వేళ్ల వెంట పడి గోతులు తవ్వుకుంటూ పోనక్కర్లేదు. చచ్చిన వేరు అక్కడే కుళ్లి నీటికీ గాలికీ దారి అవుతుంది. వేరు ముక్కల నుంచే మళ్లీ లేచే చెట్లు కూడా ఉన్నాయి, వాటికి ఈ మాట వర్తించదు.

మళ్లీ ఎప్పుడు?

తుంగ ఆకు పైకి వచ్చిన మొదటి రోజుల్లో అది కింది గడ్డలోని నిల్వ తింటూ పెరుగుతుంది. అయిదారు ఆకులు వేశాక లెక్క తిరగబడుతుంది, ఆకు సంపాదించి కిందకి పంపుతుంది, కొత్త గడ్డలు మొదలవుతాయి. అంతకుముందే కోసేస్తే నష్టం దానిది, ఆ తర్వాత కోస్తే మనది. ఎండాకాలంలో ఈ వ్యవధి సుమారు రెండు మూడు వారాలు. అంటే ప్రతి రెండు వారాలకోసారి, ఎన్ని పనులున్నా, చుట్టాలొచ్చినా, ఒంట్లో బాగోకపోయినా, మడి మొత్తం ఒకసారి గీకగలగాలి. ఒక సీజన్ ఇలా చేస్తే గడ్డలు నీరసించడం కళ్లకే కనిపిస్తుంది, మొలకలు సన్నబడతాయి, పలచబడతాయి. రెండో సీజన్‌కీ కొన్ని ఉంటాయి.

స్థలమంతా ఇలా చెయ్యగలరా? నావల్ల కాదు. అందుకే ఒక మంచమంత మడి తీసుకుని దాని మీదే ఈ పట్టుదలంతా చూపించి, మిగతా స్థలాన్ని పూత రాకుండా కొడవలితో కోస్తూ ఉంచడం మేలంటాను. దీనికి "అంత చిన్న మడిలో ఏం పండుతుంది, ఈలోపు ఉత్సాహం చచ్చిపోదా" అంటారు. ఇది నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నే. మొదటి ఏడాది నాలుగు వంకాయలు కూడా కోసుకోకపోతే మనసు నిలవడం కష్టం, నిజమే. కానీ మనుషులు తోట మానేయడం నేను చూసిన ప్రతిచోటా కారణం మడి చిన్నదవ్వడం కాదు. పెద్ద మడి నడుమెత్తు కలుపులో మునిగిపోయి, దాని వైపు చూడాలంటేనే టెన్షన్ వచ్చి, గేటు తియ్యడం మానేశారు.

మొదటి పంటగా ఉల్లి, క్యారెట్ మాత్రం వద్దు. వాటి ఆకు నేలని కప్పదు, ఎన్నాళ్లయినా కలుపుకి తలుపులు తెరిచే ఉంచుతుంది. బొబ్బర్లు, గుమ్మడి, చిలగడదుంప లాంటివి పాకి నీడ పట్టేస్తాయి, తుంగకీ గరికకీ నీడంటే గిట్టదు. కానీ ఏ పంటైనా మొదటి నెలా నెలన్నరా మనం కాపలా కాస్తేనే ఆ నీడ వచ్చేది. నా ఓటు చిలగడదుంపకి. తవ్వి తీసే పంట కాబట్టి దుంపలతో పాటు మిగిలిన తుంగ గడ్డలూ చేతికొస్తాయి, ఫోర్కుతో మట్టి ఎలాగూ ఎత్తుతున్నాం, పక్కన రెండో బకెట్ పెట్టుకుంటే చాలు. తీగ ముక్కలు మడిలో వదిలేస్తే అవీ మళ్లీ లేస్తాయి, ఆ సంగతి కూడా చూసుకోండి. అన్నట్టు మడి చుట్టూ ఒక పార వెడల్పున ఏమీ లేని గాడి ఉంచండి, బయట ఉన్న గరిక మీ మడి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని అక్కడే కాచుకుని ఉంటుంది.